కెప్టెన్‌గా 1–0, కోచ్‌గా 0–6: జపాన్‌తో నయీముద్దీన్ రెండు మ్యాచ్‌లు

టెక్కలి నుంచి మాట్లాడుతున్నా. ఇవాళ్టి ఎపిసోడ్‌లో క్రికెట్ లేదు, ముందే చెప్పేస్తున్నా. తర్వాత తిట్టుకోవద్దు.

రెండు స్కోర్లు చెప్తాను, గుర్తుపెట్టుకోండి.

1970 డిసెంబర్. బ్యాంకాక్ ఆసియా క్రీడలు. మూడో స్థానం కోసం ఫుట్‌బాల్ మ్యాచ్. ఇండియా 1, జపాన్ 0.

2006 ఫిబ్రవరి 22. జపాన్‌లో యోకోహామా. ఆసియా కప్ క్వాలిఫయర్. జపాన్ 6, ఇండియా 0.

మొదటి మ్యాచ్‌లో మన కెప్టెన్, రెండో మ్యాచ్‌లో మన కోచ్ ఒకే మనిషి. పేరు సయ్యద్ నయీముద్దీన్. 1944లో హైదరాబాద్‌లో పుట్టారు. ఆడింది డిఫెండర్‌గా. ఆ రెండు స్కోర్ల మధ్య 35 ఏళ్లలో ఏమైంది, ఆ ఆరు గోల్స్‌లో ఆయన తప్పెంత, మనందరి తప్పెంత, అదే ఇవాళ్టి టాపిక్.

ముందు ఈ టాపిక్ ఎందుకు ఎత్తుకున్నానో చెప్తా. మా వీధిలో ఒక గుంటడున్నాడు, తొమ్మిదో తరగతి. మొన్న సాయంత్రం మొహం వేలాడేసుకుని వచ్చాడు. "ఏటైందిరా" అన్నాను. "స్కూల్ టీమ్‌లో నన్ను బ్యాక్‌లో ఆడమన్నారన్నా" అన్నాడు. వాడి బాధ నాకు అర్థమైంది. మన ఊళ్లలో ఫుట్‌బాల్ ఎలా ఆడతామో మీకూ తెలుసు కదా. బాగా ఆడేవాళ్లందరూ ముందుకెళ్లిపోతారు. లావుగా ఉన్నోడో, కొత్తగా వచ్చినోడో గోల్ దగ్గర నిలబడతాడు. మిగిలినోళ్లు బ్యాక్. అంటే బ్యాక్‌లో ఆడమన్నారంటే "నీకు ఆట రాదు" అని చెప్పినట్టే లెక్క. వాడికి ఏదో ఒకటి చెప్దామని నయీం గురించి చెప్పాను. మళ్లీ నాకే డౌట్ వచ్చింది, సగమే చెప్పానేమో అని. మిగతా సగం ఈ వీడియోలో.

ఆయన పేరు నేను మొదట విన్నది గూగుల్‌లో కాదు. మా అమ్మ మేనమామ ఒకాయన ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసి రిటైరయ్యారు. మేమందరం ఖరగ్‌పూర్ తాతయ్య అనేవాళ్లం. మన సిక్కోలు నుంచి ఖరగ్‌పూర్ వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నున్నాయో మీకు చెప్పక్కర్లేదు, మీ ఇంట్లోనూ ఒకరో ఇద్దరో ఉండే ఉంటారు. ఆ రోజుల్లో వాళ్లకి క్రికెట్ కంటే కోల్‌కతా మైదాన్ ఫుట్‌బాలే పెద్దది. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ మ్యాచ్ ఉంటే రేడియో చుట్టూ మూగి బెంగాలీలో కామెంటరీ వినేవారట. తాతయ్య ఒక మాట అనేవారు: "నయీం వైపు బంతి వెళ్లిందంటే మేం లేచి టీ తాగడానికి పోయేవోళ్లంరా." నాకు అప్పట్లో అది పొగడ్తో తిట్టో కూడా అర్థం కాలేదు. ఆయన వైపు వెళ్తే ఇంక గోల్ పడదని ధీమా. ఆ ధీమాతో టీ.

ఇప్పుడు కొంచెం వెనక్కెళ్దాం, ఎందుకంటే హైదరాబాద్ ఫుట్‌బాల్ అంటే ఇప్పటి పిల్లలకి నమ్మకం కలగదు. 1950 నుంచి 1954 దాకా బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ని హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు వరసగా ఐదేళ్లు గెలిచింది. ఆ జట్టుని తయారుచేసింది సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో అజయ్ దేవగణ్ 'మైదాన్' సినిమా చూశారా, ఆయనే. స్కూల్ టీచర్‌గా పనిచేసిన మనిషి. ఆయన కోచింగ్‌లో ఇండియా 1951లో, 1962లో ఆసియా క్రీడల గోల్డ్ కొట్టింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1963 జూన్‌లో క్యాన్సర్‌తో చనిపోయారు. నయీం సిటీ పోలీస్ జట్టుకు ఆడటం మొదలుపెట్టింది ఆ రోజుల్లోనే. రహీం నాటిన చెట్టు ఇంకా కాస్తున్న టైమ్ అది.

హైదరాబాద్‌లో కుర్రాడు బాగా ఆడుతున్నాడంటే కోల్‌కతా నుంచి కబురొచ్చేది. 1960ల మధ్యలో నయీం ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లారు. మరో హైదరాబాదీ మహ్మద్ హబీబ్ కూడా అలాగే వెళ్లారు. హబీబ్ ఫార్వర్డ్, 1977లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టిన మనిషి. ఇప్పుడు హైదరాబాద్‌లో ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మన పలాస దాటుకునే కోల్‌కతా వైపు వెళ్తాం. మనోళ్లు ఖరగ్‌పూర్‌కి వర్క్‌షాప్ ఉద్యోగానికి వెళ్లారు, వాళ్లు దానికి రెండు గంటల దూరంలో ఉన్న కోల్‌కతాకి బంతి తన్నడానికి వెళ్లారు. నయీం తర్వాత మోహన్ బగాన్‌కి కూడా ఆడారు. ఈ రెండు క్లబ్బుల ఫ్యాన్స్ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఆ రెండు వైపులా ఆడి రెండు వైపులా గౌరవం తెచ్చుకోవడం చిన్న విషయం కాదు.

సరే, డిఫెండర్ అసలు ఏం చేస్తాడు? 1958 వరల్డ్ కప్‌లో బ్రెజిల్ 4-2-4 ఆడి గెలిచాక చాలా దేశాలు ఆ పద్ధతి పట్టుకున్నాయి. అంటే వెనక నలుగురు. అంతకు ముందు మధ్యలో ఒక్కడే ఉండేవాడు, ఇప్పుడు ఇద్దరు. మన దేశంలో ఆ మధ్య బ్యాక్‌ని స్టాపర్ అంటారు. స్టాపర్ పని బంతి లాక్కోవడం అనుకుంటాం. అది చివరి పని. అసలు పని అంతకు ముందే అయిపోవాలి: ఎదుటి ఫార్వర్డ్ ఏ కాలితో తిరుగుతాడు, బంతి రెక్క నుంచి వస్తే ఎక్కడ పడుతుంది, నా పక్కనోడు ముందుకెళ్తే ఆ ఖాళీ ఎవరు పూడుస్తారు. ఇవన్నీ ముందే లెక్కేసి రెండడుగులు పక్కకి జరిగి నిలబడితే ఎదుటివాడు అటు బంతే వెయ్యడు. ఏమీ జరగదు. ఏమీ జరగలేదు కాబట్టి ఎవరూ చూడరు.

దీనికి నాకు తెలిసిన బెస్ట్ ఎగ్జాంపుల్ ఫుట్‌బాల్‌ది కాదు. బీటెక్ అయ్యాక నేను ఒక కంపెనీలో ప్రొడక్షన్ సపోర్ట్ చేశాను, పేరెందుకులెండి. పేమెంట్లు ఆగకుండా చూడటం నా డ్యూటీ. ఆరు నెలలు ఒక్కసారి కూడా సిస్టమ్ పడిపోలేదు. అప్రైజల్ మీటింగ్‌లో "ఈ ఆరు నెలల్లో నువ్వు చేసిన పనేంటి?" అని అడిగారు. నేను నోరు తెరిచి, ఏం చెప్పాలో తెలీక మూశాను. ఏడో నెలలో ఒక రాత్రి నలభై నిమిషాలు సర్వర్ పడిపోయింది. తెల్లారేసరికి బిల్డింగ్ మొత్తానికి నా పేరు తెలిసిపోయింది. స్టాపర్ ఉద్యోగం అచ్చంగా ఇదే. నా బాధ చెప్పుకున్నాననుకోకండి, టాపిక్‌లోకి వచ్చేస్తున్నా.

జర్నైల్ సింగ్ పేరు విన్నారా? 1962 జకార్తా గోల్డ్ జట్టులో మన స్టాపర్. ఆసియాలోనే పెద్ద డిఫెండర్ అనేవారు. తలకి దెబ్బ తగిలి కుట్లు పడితే, ఫైనల్లో రహీం ఆయన్ని ఫార్వర్డ్‌లో ఆడించారు. కొరియా మీద గోల్ కొట్టారు, 2–1తో గెలిచాం. ఇప్పటికీ జర్నైల్ గురించి ఎవరు చెప్పినా మొదట చెప్పేది ఆ గోలే. ఆపిన గోల్స్ లెక్క ఎవరి దగ్గరా లేదు!

1970కి వద్దాం. బ్యాంకాక్. జట్టులో హబీబ్, సుభాష్ భౌమిక్, శ్యామ్ థాపా, మగన్ సింగ్, సుధీర్ కర్మకార్ ఉన్నారు, కెప్టెన్ నయీం. సెమీస్‌లో బర్మా చేతిలో ఓడిపోయాం. కాంస్యం కోసం జపాన్‌తో ఆడాలి. ఆ జపాన్ ఎవరో తెలుసా? రెండేళ్ల క్రితమే, 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో సొంత గడ్డ మీద ఆడుతున్న మెక్సికోని ఓడించి కాంస్యం తెచ్చుకున్న దేశం. ఆ దేశం మీద మనవాళ్లు ఒక్క గోల్ కొట్టి, మిగతా టైమ్ అంతా కాపాడుకున్నారు. 1–0. ఈ స్కోర్ చూస్తే మీకేమనిపిస్తుంది? నాకు ఆ "1" కంటే ఆ "0" మీదే చూపు ఆగుతుంది. ఆ ఏడాదే నయీంకి అర్జున అవార్డు వచ్చింది.

ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఇండియాకి వచ్చిన ఆఖరి పతకం అదే. ఇప్పటి దాకా ఇంకోటి లేదు.

ఆట మానేశాక కోచ్ అయ్యారు. ఇక్కడ ఒక విషయం. డిఫెండర్లు కోచ్‌లయితే ఎక్కువమంది ఒకేలా ఉంటారు: మొదట ఇల్లు సర్దుకుంటారు, తర్వాతే బయటికెళ్తారు. జర్మనీ బెకెన్‌బవర్ కూడా వెనక ఆడినాయనే, 1974లో కెప్టెన్‌గా, 1990లో కోచ్‌గా వరల్డ్ కప్ గెలిచారు. సరిగ్గా ఆ 1990లోనే మన నయీం కోల్‌కతాలో ఒక పని చేశారు. ఆయన కోచింగ్‌లో ఈస్ట్ బెంగాల్ ఒకే సీజన్‌లో ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్ కప్, రోవర్స్ కప్ మూడూ గెలిచింది. దీన్ని ట్రిపుల్ క్రౌన్ అంటారు. మూడూ వందేళ్ల నాటి టోర్నమెంట్లు: డ్యూరాండ్ 1888లో, రోవర్స్ 1891లో, షీల్డ్ 1893లో మొదలయ్యాయి. మూడు ఊళ్లలో, నాకౌట్ పద్ధతిలో, ఒక్క రోజు బాగోకపోతే ఇంటికే. ఈస్ట్ బెంగాల్ అంతకు ముందు ఈ ఘనత సాధించింది 1972లో, పీకే బెనర్జీ కోచ్‌గా ఉన్నప్పుడు.

నాకౌట్ గెలవాలంటే ఆరు గోల్స్ కొట్టక్కర్లేదు, గోల్ తినకుండా ఉంటే చాలా దూరం వెళ్తావు. అది నయీంకి పుట్టుకతో వచ్చిన విద్య. ఆ ఏడాదికి ద్రోణాచార్య అవార్డు ఇచ్చారు. ఫుట్‌బాల్ కోచ్‌కి ద్రోణాచార్య రావడం అదే మొదటిసారి.

ఆయన క్రమశిక్షణ గురించి కూడా చెప్పాలి. నయీం క్యాంప్ అంటే క్యాంపే. టైమ్ అంటే టైమ్, ఫిట్‌నెస్ విషయంలో బేరాల్లేవు. పెద్ద ప్లేయర్, చిన్న ప్లేయర్ తేడా లేదు. దీన్ని కొందరు మెచ్చుకున్నారు, కొందరికి అస్సలు పడలేదు. నా ఉద్దేశంలో రెండు వర్గాలూ కరెక్టే. బండగా ఉండే పద్ధతి ఒక తరాన్ని నిలబెడుతుంది, ఇంకో తరానికి ఊపిరాడనివ్వదు.

నేషనల్ కోచ్‌గా 1997లో కాఠ్మాండూలో దక్షిణాసియా కప్ గెలిపించారు, ఫైనల్లో మాల్దీవుల మీద 5–1. విజయన్, భూటియా ఆడిన జట్టు. మళ్లీ 2005లో పిలిచారు. అప్పటికి ఆయనకి అరవై దాటాయి. ఆ డిసెంబర్‌లో కరాచీలో బంగ్లాదేశ్ మీద 2–0, మళ్లీ దక్షిణాసియా కప్. పాకిస్థాన్ గడ్డ మీద కప్పెత్తాం కదా, అందరూ హ్యాపీ.

సరిగ్గా రెండు నెలలు. 2006 ఫిబ్రవరి. యోకోహామా. 0–6.

వారం తిరిగేసరికి మార్చి 1న సొంత గడ్డ మీద యెమెన్ చేతిలో 0–3. కొన్నాళ్లకే నయీం పదవి పోయింది, ఇంగ్లండ్ నుంచి బాబ్ హౌటన్ వచ్చారు. మిగతా మ్యాచ్‌లు చూసుకుంటే ఆ క్వాలిఫయర్స్‌లో ఇండియా ఆరుకి ఆరూ ఓడింది. సౌదీ అరేబియాలో 7–1 అయింది. అప్పటికి నయీం లేరు. ఈ పాయింట్ దగ్గర కొంచెం ఆగండి. కోచ్ మారాడు, స్కోర్ మారలేదు.

మరి ఏం మారిందయ్యా, 1970కీ 2006కీ? జపాన్ మారింది. నాకు ఈ భాగమే బాగా నచ్చుతుంది, ఎందుకంటే ఇది మ్యాజిక్ కాదు, ప్లానింగ్.

1960లో జపాన్ వాళ్లు డెట్‌మార్ క్రామర్ అనే జర్మన్ కోచ్‌ని పిలిపించుకున్నారు. ఆయన ఆట నేర్పి ఊరుకోలేదు. మీకు దేశమంతా ఆడే లీగ్ కావాలి, కోచ్‌లకి కూడా శిక్షణ కావాలి అని చెప్పారు. 1965లో కంపెనీ జట్లతో నేషనల్ లీగ్ పెట్టారు. 1968లో ఒలింపిక్ కాంస్యం. తర్వాత వాళ్లకీ చాలా ఏళ్లు డల్‌గానే గడిచాయి, 1970లో మనం ఓడించాం కూడా. అయినా వదల్లేదు. 1993లో పది క్లబ్బులతో జె లీగ్ మొదలుపెట్టారు. క్లబ్బు అంటే ఊరి పేరుండాలి, కంపెనీ పేరు కాదు అన్నారు. క్లబ్బు కింద పిల్లల జట్లు ఉండాలన్నారు. 1998లో మొదటిసారి వరల్డ్ కప్ ఆడారు. 2006లో మనతో ఆడేసరికి వాళ్ల కోచ్ బ్రెజిల్ జీకో. ఆ వేసవిలో జర్మనీ వరల్డ్ కప్‌కి వెళ్తున్న జట్టది.

మన దగ్గర? దేశమంతటికీ కలిపి ఒక లీగ్ పెట్టింది 1996లో. జపాన్ 1965లో చేసిన పని మనం 31 ఏళ్ల తర్వాత చేశాం. అంతవరకూ మన ఫుట్‌బాల్ అంటే షీల్డులు, కప్పులు, నాకౌట్లు. ఆట కూడా మారింది. నయీం ఆడే రోజుల్లో డిఫెండర్ ఒత్తిడిలో పడితే బంతిని వెనక్కి గోల్‌కీపర్‌కి తన్నేవాడు, కీపర్ చేత్తో పట్టేసుకునేవాడు, గండం గడిచేది. 1992లో ఆ రూల్ తీసేశారు. కాలితో కావాలని ఇచ్చిన బ్యాక్‌పాస్‌ని కీపర్ చేత్తో ముట్టుకోకూడదు. అంటే డిఫెండర్‌కి, కీపర్‌కి కూడా పాస్ ఇవ్వడం రావాలి. వెనక నుంచే ఆట కట్టాలి. అది ఇరవై ఏళ్లకి నేర్పేది కాదు, పదేళ్ల పిల్లాడికి నేర్పాలి. నేర్పే అకాడమీలు, కోచ్‌లు ఉండాలి. నేషనల్ కోచ్ చేతికి కుర్రాడు వచ్చేది అన్నీ అయిపోయాక. క్యాంప్‌లో కొన్ని వారాలు ఎంత పరిగెత్తించినా, పదేళ్ల వయసులో పడని పునాది ఇరవై ఐదులో పడదు.

అలాగని నయీంని పూర్తిగా వెనకేసుకు రాను. 1990లో పనిచేసిన పద్ధతి 2006లో పనిచెయ్యలేదు. దక్షిణాసియా కప్ గెలిచాం కదా అన్న ధీమాతో ఆసియా మొదటి వరస జట్టు ముందు నిలబడితే ఏమవుతుందో కోచ్‌గా ఆయన ముందే అంచనా వెయ్యాల్సింది. ప్రమాదాన్ని ముందే చూడటం ఆయన జీవితమంతా చేసిన పని కదా. ఆ బాధ్యత ఆయనదే. కానీ ఆరు గోల్స్‌నీ ఒక మనిషి జేబులో పెట్టేసి చేతులు దులుపుకున్నారు చూడండి, అదే నాకు మింగుడు పడదు. సర్వర్ పడిపోయిన రాత్రి డ్యూటీలో ఎవడున్నాడో చూస్తారు. పదేళ్లుగా ఎవరూ అప్‌గ్రేడ్ చెయ్యలేదన్న సంగతి మీటింగ్‌లో రాదు.

ఆ తర్వాత ఆయన ఖాళీగా కూర్చోలేదు. ఢాకాలో బ్రదర్స్ యూనియన్ క్లబ్బుకి పనిచేశారు, బంగ్లాదేశ్ జాతీయ జట్టుకి కూడా కోచ్ అయ్యారు. కరాచీ ఫైనల్లో ఎవరిని ఓడించారో ఆ దేశమే పిలిచి బాధ్యత అప్పజెప్పింది.

హైదరాబాద్ సంగతి కూడా ఒక ముక్క చెప్పి ముగిస్తా. 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్ టైటిల్ గెలిచింది, కేరళ బ్లాస్టర్స్ మీద, పెనాల్టీల్లో. నేను రూమ్‌లో గంతులేశాను. 2025లో ఆ క్లబ్బు మూటాముల్లె సర్దుకుని ఢిల్లీకి తరలిపోయింది. జపాన్ వాళ్లు క్లబ్బుకి ఊరి పేరు ఎందుకు కట్టారో ఆ రోజు నాకు బాగా అర్థమైంది.

మా వీధి గుంటడికి ఇదంతా చెప్పాను, 0–6తో సహా. మొత్తం విన్నాడు. "అయితే అన్నా, 1970లో ఆ ఒక్క గోల్ కొట్టిందెవరు?" అని అడిగాడు. ఇంతసేపూ నేను చెప్పింది ఏంటి, వాడు అడిగిందేంటి! నవ్వొచ్చింది. ఆదివారం వాడి మ్యాచ్ ఉంది, కాలేజీ గ్రౌండ్‌లో. నేను వెళ్తున్నా. వాడి వైపు బంతి వచ్చినప్పుడు టీకి మాత్రం లేవను, ఇంకా అంత నమ్మకం కుదరలేదు.